సినిమా ఏది వెయ్యాలన్నది చిన్న ప్రశ్న, లైట్లు వేశాక ఏం చెయ్యాలన్నదే పెద్ద ప్రశ్న

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా: వీరు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నారు, అక్కడి ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌లో కార్యదర్శి. ఫిబ్రవరి బ్లాక్ హిస్టరీ నెల కాబట్టి, క్యాంపస్‌లోని నల్లజాతి విద్యార్థుల సంఘంతో కలిసి ఒక సినిమా వేసి, జాతి వివక్ష మీద మాట్లాడుకునే సాయంత్రం ఒకటి పెట్టాలనుకుంటున్నారు. ఏ సినిమా వెయ్యాలి, చర్చ గొడవ కాకుండా, అలాగని చప్పగా చల్లారిపోకుండా ఎలా నడపాలి, మన పిల్లల్ని ఎలా రప్పించాలి అని అడిగారు.

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ యూనివర్సిటీ లైబ్రరీలో సినిమాలు, వీడియోల సెక్షన్ చూస్తాను. పద్నాలుగేళ్లయింది. మాది తెనాలి వైపు. ఏడాదికి ఐదారు ఇలాంటి ప్రదర్శనలు నా చేతుల మీదుగా వెళ్తాయి కాబట్టి చూసిందీ, చేసి చెడగొట్టిందీ చెప్తాను.

ముందు సూటిగా జవాబు. గంట దాటని సినిమా తీసుకోండి. సినిమాకి ఎంతసేపు ఇస్తారో మాటలకీ అంతసేపు ఇవ్వండి. హాలంతటినీ ఒకేసారి మాట్లాడించొద్దు, ఐదారుగురు చొప్పున కుర్చీలు గుండ్రంగా వేసి కూర్చోబెట్టండి. మొదటి ప్రశ్నగా "మీ అభిప్రాయం ఏమిటి?" అని మాత్రం అడగొద్దు. మిగతాదంతా ఈ నాలుగింటికి వివరణే.

ఇవి నాకు పుట్టుకతో తెలిసినవి కావు. నేను మొదటిసారి పెట్టినప్పుడు రెండు గంటల పైన ఉండే ఫీచర్ ఫిల్మ్ ఎంచుకున్నాను. ఏడింటికి అన్నాం, పిజ్జాల కోసం ఆగి ఏడుంపావుకి మొదలెట్టాం. అరవై మంది వచ్చారు, నా ఛాతీ పొంగింది. సినిమా అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. లైట్లు వేశాం. యాభై మంది బ్యాగులు సర్దుకుని, ఆఖరి బస్సు అంటూ లేచారు. మిగిలిన పది మందిలో ముందు వరసలో ఒక నల్లజాతి అమ్మాయి కూర్చుని ఉంది. మైకు పట్టుకుని నేనే, సాక్షాత్తూ నేనే, ఆమె వైపు తిరిగి "మీకెలా అనిపించింది?" అని అడిగాను. ఆ అమ్మాయి నన్నొకసారి చూసి, "నేను సినిమా చూడ్డానికి వచ్చానండి, మీకు పాఠం చెప్పడానికి కాదు" అని మెల్లగానే అని, కోటు వేసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి కుర్చీలు మడత పెడుతూ ఆ మాటే తలచుకున్నాను. రెండు గంటలసేపు ఆమె తన కుటుంబంలో జరిగినలాంటివే తెర మీద చూసింది. చూసీ చూడగానే నేను ఆమెను వాళ్ల జాతి ప్రతినిధిగా నిలబెట్టి, మా అందరికీ వివరించమన్నాను.

కాబట్టి సినిమా ఎంపిక దగ్గర్నుంచీ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గదిలో కొందరికి ఇది తెలుసుకోవాల్సిన విషయం, కొందరికి రోజూ అనుభవించే విషయం. ఇద్దరికీ ఒకే సాయంత్రం సరిపోవాలంటే, ఆ రెండో రకం వాళ్లు తమ గాయం విప్పి చూపిస్తేనే మొదటి రకం వాళ్లకి అర్థమయ్యేలా ఉండకూడదు. వివరించే పని సినిమాయే చెయ్యాలి.

అందుకే మీలాంటి ఉమ్మడి కార్యక్రమానికి నా మొదటి ఓటు ఎప్పుడూ ఒకదానికే. 2003లో వచ్చిన 'రేస్: ద పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్' అనే మూడు భాగాల డాక్యుమెంటరీలో మూడోది, 'ద హౌస్ వుయ్ లివ్ ఇన్'. ఒక్కో భాగం గంటలోపే. పాతది కదా అనుకోవద్దు. ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి ఇళ్ల కథ. 1930ల నుంచి ప్రభుత్వమే పటాల మీద నల్లవాళ్లుండే పేటల చుట్టూ ఎర్ర గీత గీసి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని ఎలా ముద్ర వేసింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివార్లలో కట్టిన కొత్త కాలనీలు తెల్లవాళ్లకే ఎలా దక్కాయి అన్నది. 1934 నుంచి 1962 వరకు ప్రభుత్వ అండతో ఇచ్చిన 120 బిలియన్ డాలర్ల ఇళ్ల రుణాల్లో తెల్లవాళ్లు కానివాళ్లకి అందింది 2 శాతం లోపు అని అందులో ఒక లెక్క చెప్తారు. హాల్లో ఆ లెక్క దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కవాళ్ల వైపు తిరుగుతారు.

రెండోది మన కథ. ఆసియావాళ్లకి 'తెల్లవాడు' అనిపించుకుంటేనే పౌరసత్వం దక్కే రోజులవి. 1922లో తకావో ఒజావా అనే జపనీయుడు నాకు పౌరసత్వం ఇవ్వండని సుప్రీంకోర్టుకి వెళ్తే, తెల్లవాడంటే కాకేసియన్ (ఆనాటి జాతి శాస్త్రంలో ఒక వర్గం పేరు) అని అర్థం, నువ్వు కాకేసియన్‌వి కాదు పొమ్మన్నారు. మూడు నెలలకి, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ మీ శాస్త్రం ప్రకారమే నేను కాకేసియన్‌ని కదా అన్నాడు. శాస్త్రం సంగతి వదిలెయ్, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అన్నది అదే కోర్టు. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర్నుంచి కూడా లాక్కున్నారు. మన పిల్లలు ఈ ముక్క దగ్గర నిటారుగా కూర్చుంటారు. అప్పటిదాకా "ఇది వాళ్ల గొడవ" అనుకున్న సినిమా ఒక్కసారిగా వీసా కాగితాల దాకా వచ్చేస్తుంది.

ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. ఈ సినిమా అయ్యాక ఒక గుండ్రంలో నేనూ కూర్చున్నాను. హైదరాబాద్ నుంచి వచ్చి ఆరు నెలలైన కుర్రాడు ఒకడు, పాపం ఏ కల్మషం లేకుండానే, "మేం ఇల్లు వెతుక్కునేటప్పుడు రైలు పట్టాల అవతల చూడొద్దని సీనియర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఎందుకని మేమెవరం అడగలేదు" అన్నాడు. ఎదురుగా కూర్చున్న నల్లజాతి కుర్రాడు కాసేపు ఆగి, "పట్టాల అవతల మా అమ్మమ్మ ఉంటుంది" అన్నాడు. అంతే, గుండ్రమంతా నిశ్శబ్దం. నాకు లోపల టెన్షన్. మనవాడు క్షమాపణల దండకం ఎత్తుకుంటాడేమో, ఆ నల్లజాతి కుర్రాడు తను నొచ్చుకున్నది చాలక మనవాణ్ణి ఓదార్చాల్సి వస్తుందేమో అనుకున్నాను. మనవాడు అలా చెయ్యలేదు. "మీ అమ్మమ్మగారు ఆ ఇల్లు ఎప్పుడు కొన్నారు?" అని అడిగాడు. అంతకు పది నిమిషాల ముందే కదా అప్పుల కథ చూశారు. రెండోవాడు వాళ్ల తాత సైన్యం నుంచి తిరిగొచ్చాక ఇటువైపు ఇల్లు కొనాలని చూసిన కథ, ఏ బ్యాంకూ అప్పివ్వని కథ చెప్పాడు. ఎవరూ అడక్కుండా, తనకి చెప్పాలనిపించి చెప్పాడు. నా మొదటి ప్రయత్నానికీ దీనికీ తేడా అదే.

వేరే సినిమాలూ వెయ్యొచ్చు. '13త్' (2016) బలమైనది. నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండకూడదన్న రాజ్యాంగ సవరణలోని ఆ "తప్ప" అనే మాట నుంచి ఇప్పటి జైళ్ల దాకా కథ నడుపుతుంది. కానీ గంటా నలభై నిమిషాలు, అందులో పోలీసుల చేతిలో మనుషులు చనిపోయే నిజమైన దృశ్యాలున్నాయి. అవి ఉన్న సినిమా వేస్తే పోస్టరు మీదా, మొదలెట్టే ముందు నోటితోనూ చెప్పండి. ఎవరు లేచి బయటికి వెళ్లినా ఎందుకని అడగొద్దు. 'హూ కిల్డ్ విన్సెంట్ చిన్?' (1987) ఆసియా విద్యార్థులకి బాగా తగులుతుంది. 1982లో డెట్రాయిట్ దగ్గర, జపాన్ కార్ల వల్ల ఉద్యోగాలు పోతున్నాయన్న కోపం ఉన్న రోజుల్లో, ఒక చైనీస్ అమెరికన్ కుర్రాణ్ణి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. చంపినవాళ్లకి 3 ఏళ్ల ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా వేశారు, జైలు లేదు. అది చూశాక తెలుగువాళ్లు తప్పకుండా 2017లో కాన్సస్‌లోని ఓలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన సంగతి ఎత్తుతారు. ఎత్తనివ్వండి. కాకపోతే ఒక జాగ్రత్త: నల్లజాతి చరిత్ర కోసం పెట్టిన సాయంత్రం మొత్తం మన బాధల చుట్టూ తిరిగిపోతే, అవతలి సంఘం వాళ్లు మర్యాదకి నవ్వి ఇంటికి వెళ్తారు, మళ్లీ ఫోన్ ఎత్తరు. ఈ సినిమా ఫిబ్రవరికి కాదు, ఆసియన్ అమెరికన్ల వారసత్వ నెల అయిన మే నెలకి బాగుంటుంది.

మీరా నాయర్ తీసిన 'మిసిసిపీ మసాలా' (1991) గురించి ఎప్పుడూ అడుగుతుంటారు. ఉగాండా నుంచి తరిమేస్తే వచ్చి మిసిసిపీలో బంధువుల మోటెల్లో ఉంటున్న భారతీయ కుటుంబం అమ్మాయి, నల్లజాతి అబ్బాయి ప్రేమకథ. మనవాళ్ల ఇళ్లలో రంగు మీద ఉండే పిచ్చిని దాచకుండా చూపించిన సినిమా. నాకు చాలా ఇష్టం. కానీ దాదాపు రెండు గంటలు. శనివారం మధ్యాహ్నం పెట్టి, మధ్యలో టీ ఇచ్చి, తర్వాత మాట్లాడుకునేట్టయితేనే వెయ్యండి. వారం మధ్యలో రాత్రిపూట వద్దు.

ఇక నా ఉద్యోగ ధర్మంగా ఒక మాట. మీ నెట్‌ఫ్లిక్స్ అకౌంటులో లాగిన్ అయి హాల్లో సినిమా వేసేస్తే కుదరదు. తరగతిలో ప్రొఫెసరు పాఠంలో భాగంగా తన విద్యార్థులకి చూపించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. విద్యార్థి సంఘం పోస్టరు వేసి అందర్నీ పిలిస్తే అది బహిరంగ ప్రదర్శన, దానికి పబ్లిక్ పెర్ఫార్మెన్స్ రైట్స్ కావాలి. టికెట్ పెట్టకపోయినా కావాలి. పేరున్న ఫీచర్ ఫిల్మ్ అయితే వందల డాలర్లవుతుంది. కంగారు పడొద్దు, దార్లున్నాయి. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నిటికి చదువు కోసం ఉచితంగా ఒకసారి ప్రదర్శించుకునే అనుమతి ఇస్తుంది, ఆ సినిమా పేజీలో అది రాసి ఉంటుంది. '13త్' అలాంటిదే. డబ్బు వసూలు చెయ్యకూడదు, విరాళాలు సేకరించకూడదు. మీ లైబ్రరీ కొన్న డాక్యుమెంటరీలకి చాలాసార్లు ఈ హక్కు కూడా కలిపి కొని ఉంటాం. మీ లైబ్రరీలో నాలాంటివాడు ఒకడు ఉంటాడు, వెళ్లి అడగండి. మమ్మల్ని ఎవరూ అడగరు, అడిగితే సంబరపడిపోతాం. ఏ హక్కూ అక్కర్లేనిది కావాలంటే, ఆస్కార్ మిషో 1920లో తీసిన మూకీ 'వితిన్ అవర్ గేట్స్' ఉంది. నల్లజాతి దర్శకుడు తీసినవాటిలో ఇప్పటికి దొరుకుతున్న అతి పాత ఫీచర్ ఫిల్మ్ అదేనంటారు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. మొత్తం వెయ్యక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. అందులోనూ లించింగ్ (గుంపుగా వచ్చి మనుషుల్ని చంపడం) దృశ్యాలున్నాయి, ముందే చెప్పాలి.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. లైట్లు వేశాక నేను చేసేది ఇది. ఎవర్నీ మాట్లాడమనను. తలా ఒక చిన్న కార్డు, పెన్ను ఇస్తాను. "కళ్లు మూసుకుంటే ఏ సీను కనిపిస్తోంది? అదొక్కటి రాయండి" అంటాను. మూడు నిమిషాలు. హాల్లో పెన్నుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు, ఆ మూడు నిమిషాలే ఆ సాయంత్రానికి ప్రాణం. తర్వాత గుండ్రంలో ఒక్కొక్కరూ ఒక నిమిషం, రాసుకున్నది చెప్తారు. మధ్యలో ఎవరూ అందుకోరాదు. చెప్పడం ఇష్టం లేకపోతే "పాస్" అంటే చాలు. అభిప్రాయం అడిగితే వాదన పుడుతుంది, సీను అడిగితే జ్ఞాపకం వస్తుంది. ఇంగ్లీషులో గడగడా మాట్లాడలేని మన పిల్లలకి కూడా కార్డు మీద ఒక వాక్యం ఉంటే ధైర్యం. లేకపోతే ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే మాట్లాడతారు.

ప్రతి గుండ్రానికీ ఇద్దరు నడిపేవాళ్లుండాలి, మీ సంఘం నుంచి ఒకరు, వాళ్ల సంఘం నుంచి ఒకరు. వీళ్లందరూ వారం ముందే కలిసి సినిమా చూసి, తమలో తాము ఒకసారి మాట్లాడుకుని తీరాలి. ఇది మాత్రం బేరం లేదు. నడిపేవాళ్లకి నేను మూడే మాటలు నేర్పుతాను: "ఇంకొంచెం చెప్పండి", "ఆ మాట మొదట ఎక్కడ విన్నారు?", "ఇంతవరకు మాట్లాడనివాళ్ల కోసం ఒక నిమిషం ఆగుదాం". నడిపేవాడు ఉపన్యాసం మొదలెట్టాడంటే పని చెడినట్టే.

గొడవయ్యే చోటు ఎక్కడొస్తుందో ముందే చెప్పగలను. మనవాళ్లలో ఎవరో ఒకరు, సాధారణంగా మంచి కుర్రాడే, "మా నాన్న రైతు, మేమూ ఏమీ లేకుండానే వచ్చాం, కష్టపడి చదివాం, వీళ్లెందుకు రాలేరు?" అంటాడు. వాణ్ణి అక్కడే నలుగురూ కలిసి ఉతికెయ్యొద్దు, వదిలెయ్యనూ వద్దు. నేను బోర్డు మీద నాలుగు సంవత్సరాలు రాస్తాను. 1917, భారతీయుల వలసకి దాదాపు తలుపులు మూసిన చట్టం. 1923, థింద్ తీర్పు. 1946, పౌరసత్వానికి దారి తెరిచి, ఇండియా మొత్తానికీ ఏడాదికి 100 మంది కోటా ఇచ్చిన చట్టం. 1965, దేశాల వారీ కోటాలు ఎత్తేసి, చదువూ నైపుణ్యం చూసి మనలాంటివాళ్లని రానిచ్చిన చట్టం. ఈ చివరిది 1964 పౌరహక్కుల చట్టం తర్వాతి ఏడాదే వచ్చింది, అదే ఉద్యమపు వేడిలో. "100 మందిలో మన జిల్లాకి ఎన్ని సీట్లొచ్చేవంటావు?" అని అడుగుతాను. నవ్వుతారు. వాళ్ల నాన్న కష్టం అబద్ధమని ఎవరూ అనలేదు. కానీ ఆ కష్టానికి తలుపు తెరిచిన ఉద్యమంలో దెబ్బలు తిన్నది ఎవరో మాత్రం వాడికి తెలిసి వెళ్తుంది.

మరో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది, అవతలివైపు నుంచి: "మీలో కులం ఉందటగా?" తప్పించుకోవద్దు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. వాళ్లలో చాలామందికి ఇది తెలుసు. ఉంది అని చెప్పండి. 1873లోనే జ్యోతిరావు ఫూలే తన పుస్తకం 'గులాంగిరి'ని అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసినవాళ్లకి అంకితమిచ్చాడనీ, 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ ఆ పేరు ఇక్కడి నల్లజాతి ఉద్యమ సంఘం బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారనీ చెప్పండి. కానీ గదిలో దళిత విద్యార్థి ఉంటే ఆ విద్యార్థి వైపు మాత్రం చూడొద్దు. నా మొదటి తప్పే మళ్లీ అవుతుంది. ఇంకా ఘోరంగా అవుతుంది, ఎందుకంటే ఆ పిల్లవాడు రూమ్మేట్లకి ఇంటిపేరు కూడా పూర్తిగా చెప్పకుండా నెట్టుకొస్తుండొచ్చు. మాట ఎత్తాల్సింది మిగతావాళ్లు. అద్దెకి గది చూపిస్తూ "మీ ఇంటిపేరేంటి బ్రో?" అని మనం ఎందుకు అడుగుతామో మనమే చెప్పుకోవాలి.

మన పిల్లల్ని రప్పించడం గురించి. "అవగాహన సదస్సు" అన్న వాసన పోస్టరు మీద రానివ్వొద్దు. థింద్ కేసు ఉన్న సినిమా వేస్తున్నారు కాబట్టి "1923లో మన పౌరసత్వం ఎందుకు లాగేసుకున్నారు?" అని పెట్టండి, అబద్ధం కాదు కదా. కెరీర్ ఫెయిర్ వారం, మిడ్‌టర్మ్ వారం తప్పించండి. భోజనం సినిమాకి ముందే అయిపోవాలి, చీకట్లో సమోసా కవర్ల చప్పుడు భరించలేం. మన టైముకి కాదు, గడియారం టైముకి మొదలెట్టండి. ముప్ఫై మంది వస్తే చాలు. వంద మంది వచ్చిన రోజు నాకు మాటలే జరగలేదు.

చివరగా భయం సంగతి. 2025లో విద్యార్థి వీసాల రద్దు వార్తలు వచ్చాక చాలామంది ఇలాంటి వాటికి రావడానికే జంకుతున్నారు. అది పిరికితనం అనను. రికార్డింగ్ వద్దు, ఫొటోలు వద్దు, పేర్ల జాబితా వద్దు. తలలు లెక్కపెట్టుకుంటే చాలు. కార్డుల మీద పేర్లు రాయించొద్దు. మీది టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిచే ఆఫీసుల్ని నిషేధిస్తూ 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 17 చట్టం వల్ల ఆఫీసులవాళ్లు వెనక్కి తగ్గొచ్చు. గుర్తింపు ఉన్న విద్యార్థి సంఘాల కార్యక్రమాలకి ఆ చట్టంలో మినహాయింపు ఉంది, ఆ మాట మర్యాదగా గుర్తు చెయ్యండి. మిగతా రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. ఏదైనా సరే ముందు మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి, నేను లాయర్ని కాను.

వెళ్లేటప్పుడు కార్డులు ఒక అట్టపెట్టెలో వెయ్యమంటాను. వెనకవైపు ఇష్టమైతే ఒక ప్రశ్న రాయమంటాను. ఆ పట్టాల అవతలి అమ్మమ్మ రోజున ఒక కార్డు వెనక తెలుగులోనే రాసుంది: "మా రూమ్మేట్ నల్లవాళ్లని ఒక మాటంటాడు. రేపు వాడు అన్నప్పుడు నేనేమనాలి?" దీనికి ఏ డాక్యుమెంటరీలోనూ జవాబు లేదు. రెండు వారాల తర్వాత సినిమా లేకుండా, టీ మాత్రం పెట్టి, అలాంటి కార్డులు నాలుగైదు తీసుకుని పన్నెండు మందిమి కూర్చున్నాం. అందుకని హాలు బుక్ చేసేటప్పుడు ఆ రెండో తేదీకి ఒక చిన్న గది కూడా అప్పుడే బుక్ చేసుకోండి. ఫిబ్రవరిలో తర్వాత అడిగితే దొరకవు.